ఇరవై రెండు నెలల బాబు: చిగురు అంచున తెల్లని గీత, తోమితే రక్తం. ముద్దులు మానాలా, మరేదైనా మార్చాలా?

ఖమ్మం అమ్మ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మా బాబుకు ఇప్పుడు ఇరవై రెండు నెలలు. పన్నెండు పాలపళ్ళు వచ్చాయి. పది రోజుల క్రితం స్నానం చేయిస్తూ పై పెదవి కాస్త ఎత్తి చూస్తే, ముందరి నాలుగు పళ్ళ మీద, చిగురును ఆనుకొని, సుద్దముక్కతో గీసినట్లు తెల్లని గీత కనిపించింది. అదే చోట బ్రష్ ఆనిస్తే కొద్దిగా రక్తం కూడా వచ్చింది. భయపడి ఆ నాలుగు పళ్ళను తోమడం మానేశాను. దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్తే, "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి, ఆరేళ్ళ తర్వాత రండి" అని రెండు నిమిషాల్లో పంపించివేశారు.

ఇంట్లో మరో బాధ మొదలైంది. పెద్దల నోటిలోని బ్యాక్టీరియా ముద్దుల ద్వారా, ఎంగిలి ద్వారా పిల్లలకు అంటుకొని పళ్ళు పుచ్చిపోతాయని మా ఆడపడుచు ఎక్కడో విని వచ్చి చెప్పింది. మా అత్తయ్య గారు మొదటి నుంచీ అన్నం ముద్దను కాస్త నమిలి మెత్తగా చేసి బాబు నోట్లో పెట్టేవారు. ఆ మాట విన్న రోజు నుంచి ఆవిడ బాబును ముద్దు పెట్టుకోవడం కూడా మానేసి, దూరంగా కూర్చుంటున్నారు. అది చూస్తే నాకు మనసు ఒప్పడం లేదు.

బాబు రాత్రి పాలసీసాతోనే నిద్రపోతాడు, మధ్యలో ఒకటి రెండుసార్లు లేచి మళ్ళీ తాగుతాడు. పాలలో ఒక చెంచా పంచదార కలుపుతాము. తెలిసినవారు దయచేసి చెప్పండి: ఈ గీత ఏమిటి, ఆ రక్తం ఎందుకు, బ్యాక్టీరియా నిజంగా మా అత్తయ్య గారి నుంచే వచ్చిందా?

చిన్నపళ్ళ వైద్యుడు (ఆదివారం రాత్రి)

అమ్మా, నేను విజయవాడలో పిల్లల దంతవైద్యుణ్ణి. నోరు చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు గనుక, మీరు వర్ణించినదాన్ని బట్టి ఏది ఎక్కువగా సంభవమో మాత్రమే చెబుతాను. పై ముందరి పళ్ళ మీద చిగురు వంపును అనుసరించి, మెరుపు లేకుండా సుద్దలా కనిపించే తెల్లని గీత, పుచ్చు ఆరంభమయ్యే దశకు గుర్తు. పన్ను ఉపరితలం నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోవడం మొదలైంది గానీ ఇంకా గుంట పడలేదు. ఈ దశలో జాగ్రత్త పడితే పన్ను చాలావరకు తిరిగి గట్టిపడుతుంది. గుంట పడిన తర్వాత దానంతట అది పూడుకోదు. అందుకే ఆరేళ్ళు ఆగమన్న సలహాను మీరు పాటించవద్దు. మొదటి పన్ను వచ్చిన తర్వాత, ఏడాది నిండేలోగా ఒకసారి పిల్లల దంతవైద్యునికి చూపించాలన్నది మా శాస్త్రంలో స్థిరపడిన నియమం.

రక్తం గురించి. మీరు చేసిన పొరపాటు చాలామంది తల్లులు చేసేదే, కాబట్టి నొచ్చుకోకండి. చిగురు నుంచి రక్తం వస్తున్నదంటే అక్కడ పాచి నిలిచి చిగురు వాచిందని అర్థం. తోమడం మానితే పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది. డెన్మార్క్‌లో 1965లో హరాల్డ్ లోయె, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన 12 మందిని పళ్ళు తోముకోవద్దని కోరి పరిశీలించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. చిగుళ్ళ వాపుకు కారణం పాచేనని తిరుగులేకుండా తేల్చిన పరిశోధన అది. మెత్తని చిన్న బ్రష్‌తో, సరిగ్గా ఆ రక్తం వచ్చే అంచునే, నెమ్మదిగా రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం కనిపించినా ఆపకండి.

సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు (సోమవారం ఉదయం)

డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పేదాన్ని కనుక, మీ మూడో ప్రశ్నకు కొంచెం వివరంగా సమాధానం రాస్తున్నాను. మీ అత్తయ్య గారు దూరంగా కూర్చున్నారన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డ నోటిలో బ్యాక్టీరియా స్థిరపడడం మొదలవుతుంది. అది రోగం కాదు, జీవనక్రమం. పళ్ళు లేని నోటిలో ముందుగా నిలదొక్కుకునేవి స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్, స్ట్రెప్టోకాకస్ మైటిస్ వంటివి. ఇవి నాలుక మీద, బుగ్గల లోపలి పొరమీద బతుకుతాయి. అయితే ఆ మెత్తని పొరలు ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తవి వస్తుంటాయి గనుక, వాటిని పట్టుకున్న బ్యాక్టీరియా కూడా వాటితోపాటే కొట్టుకుపోతుంది. పన్ను మొలిచినప్పుడు నోటి చరిత్రలోనే పెద్ద మార్పు వస్తుంది, ఎందుకంటే శరీరంలో బయటికి కనిపించే భాగాల్లో రాలిపోని గట్టి ఉపరితలం అదొక్కటే. దాని మీద పొర మీద పొరగా పేరుకున్న బ్యాక్టీరియా సమూహాన్నే మనం పాచి అంటాము. అది పలచని మురికి కాదు, తనదైన జిగురులో తాను ఇమిడి, ఒకదానికొకటి ఆహారాన్ని అందించుకునే ఒక ఊరు వంటిది. అందుకే పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే పోతుంది.

ఈ ఊరిలో మంచివారూ ఉన్నారు. సుమారు తొమ్మిది నెలల వయసులో, మొదటి పళ్ళతోపాటు చేరే స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ అనేది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తూ పుచ్చు కలిగించే జాతులను అదుపులో ఉంచుతుంది. పుచ్చుకు పేరుపడ్డ స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను లండన్‌లో జె. కిలియన్ క్లార్క్ 1924లో గుర్తించారు. సూక్ష్మదర్శినిలో దాని ఆకారం మారుతూ కనిపించడం వల్ల ఆ పేరు పెట్టారు. దానికి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. ఒకటి, చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదలడమే కాక, ఇతర బ్యాక్టీరియా తట్టుకోలేని ఆ ఆమ్లంలోనే హాయిగా పెరుగుతుంది. రెండు, మనం పాలలో కలిపే పంచదారను విడగొట్టి, గ్లూకాన్ అనే జిగురు తయారు చేసి పన్నును అంటిపెట్టుకుంటుంది. పంచదార లేనిచోట ఈ జిగురు తయారీ సాగదు. అంటే, ఈ బ్యాక్టీరియా నోటిలో ఉండడం వేరు, అది రాజ్యమేలడం వేరు. దానికి రాజ్యం కట్టబెట్టేది మాటిమాటికీ అందే చక్కెర.

మీ ఆడపడుచు గారు విన్న మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో పేజ్ కాఫీల్డ్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, చాలామంది పిల్లలకు 19 నుంచి 31 నెలల మధ్య, సుమారు 26 నెలల ప్రాయంలో ఈ బ్యాక్టీరియా చేరినట్లు తేలింది. అది ఎక్కువగా తల్లి నోటిలోని రకాన్నే పోలి ఉన్నట్లు అదే బృందం తర్వాత చూపించింది. తర్వాతి పరిశోధనల్లో ఆ హద్దులు సడలాయి. పళ్ళు రాని శిశువుల నాలుక మడతల్లో కూడా దీన్ని కనుగొన్నారు. అన్నదమ్ముల నుంచి, తోటి పిల్లల నుంచి కూడా చేరుతుందని చూపించారు. పైగా పుచ్చుకు ఇదొక్కటే కారణం కాదని, స్కార్డోవియా విగ్జియే వంటి బ్యాక్టీరియా, కాండిడా అనే శిలీంధ్రం కూడా అందులో పాలుపంచుకుంటాయని ఇప్పుడు తెలుసు. మీ అత్తయ్య గారి ముద్దే మీ బాబు పంటి మీద గీత గీసిందని చెప్పడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

బెంగళూరు నాన్న (సోమవారం మధ్యాహ్నం)

అధ్యాపకురాలి గారి వివరణ బాగుంది, కానీ ఒక అభ్యంతరం చెప్పాలి. తల్లుల నోటిలోని మ్యూటన్స్‌ను తగ్గిస్తే పిల్లలకు అది ఆలస్యంగా చేరిందని, వారికి పుచ్చుపళ్ళు కూడా తక్కువయ్యాయని స్వీడన్‌లో చేసిన అధ్యయనాలు నేను చదివాను. అలాంటప్పుడు పెద్దలు దూరం పాటించడం వల్ల మేలే కదా? మా ఇంట్లో పాప పుట్టినప్పటి నుంచీ వేరే చెంచా, వేరే గ్లాసు వాడుతున్నాము. ముద్దులు నుదుటి మీదే పెడతాము. దీనివల్ల నష్టమేమిటో నాకు అర్థం కావడం లేదు.

సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు (సోమవారం సాయంత్రం)

మీరు చదివినవి బిర్గిట్టా కోలర్ గారు, ఆమె సహచరులు 1980ల నుంచి ప్రచురించిన అధ్యయనాలై ఉంటాయి. వాటిలో తల్లులకు ఏమి చేశారో గమనించండి. వారి పుచ్చుపళ్ళకు వైద్యం చేశారు, పళ్ళు శుభ్రపరిచారు, చక్కెర తగ్గించమని ఆహార సలహాలు ఇచ్చారు, ఫ్లోరైడ్ వాడారు, బ్యాక్టీరియా మరీ ఎక్కువగా ఉన్నవారికి దాన్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ అనే మందు ఇచ్చారు. అక్కడ మార్చినది తల్లి నోటిని. బిడ్డ దగ్గరికి పోవద్దని చెప్పి సాధించిన ఫలితం కాదు అది. నేను ఆ అధ్యయనాలను మీకంటే ఎక్కువగా నమ్ముతాను. అందుకే ఖమ్మం అమ్మ గారి ఇంట్లో ముందుగా దంతవైద్యుని దగ్గరికి వెళ్ళవలసిన వారిలో బాబుతోపాటు అత్తయ్య గారు, తల్లి, తండ్రి కూడా ఉన్నారని అంటాను. పిప్పిపన్ను నోటిలో పెట్టుకొని నుదుటి మీద ముద్దు పెట్టుకునే ఇంటికంటే, పిప్పిపళ్ళకు వైద్యం చేయించుకొని బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకునే ఇల్లు మేలు.

చెంచాలు, గ్లాసులు వేరు చేయడం గురించి, జపాన్ నోటి ఆరోగ్య శాస్త్ర సంఘం 2023లో ఒక ప్రకటన చేసింది. పాత్రలు పంచుకోకపోవడం వల్ల పుచ్చును నివారించవచ్చనడానికి తగినంత శాస్త్రీయ ఆధారం లేదని, తోమడం, చక్కెర తగ్గించడం, ఫ్లోరైడ్ వాడడమే పనిచేసే మార్గాలని అందులో చెప్పారు. మీరు వేరు చెంచా వాడితే నష్టమేమీ లేదు. నష్టమంతా ఆ చెంచా మీదే దృష్టి ఉండిపోయి, రాత్రి పాలసీసా మరుగున పడినప్పుడు జరుగుతుంది.

అన్నం నమిలి పెట్టడాన్ని మాత్రం నేను సమర్థించను. పుచ్చు కోసం కాదు, లాలాజలం ద్వారా జలుబు, ఇతర వైరస్‌లు చేరే అవకాశం ఉన్నందువల్ల, పైగా ఇరవై రెండు నెలల బిడ్డ మెత్తగా మెదిపిన అన్నాన్ని తానే నమలడం దవడకు మంచిది గనుక. ఆవిడకు ఆ మాట తప్పు పట్టినట్లు కాక, బాబు పెద్దవాడవుతున్నాడన్నట్లు చెప్పండి.

తెనాలి అమ్మమ్మ (మంగళవారం ఉదయం)

నాకు డెబ్బై రెండేళ్ళు. మనవరాలు చదివి వినిపిస్తుంటే నేను చెప్పినది తను రాస్తోంది. ఖమ్మం అమ్మాయీ, మీ అత్తగారికి నా మాటగా చెప్పు. మా రోజుల్లో అందరమూ నమిలే పెట్టాము. మిక్సీలు లేవు, బిడ్డకు మెత్తగా చేసి పెట్టడం అంటే అదే. ఆవిడ ప్రేమతో చేసిన పనికి ఇప్పుడు బాధపడనక్కరలేదు.

మేము చేసిన ఒక మంచి పని ఈ తరం వదిలేసిందని నాకు అనిపిస్తుంది. ఉగ్గు పెట్టాక, పాలు పట్టాక, చూపుడు వేలికి తడిపిన మెత్తని నూలుగుడ్డ చుట్టి బిడ్డ చిగుళ్ళు, నాలుక తుడిచేవాళ్ళం. పాత పంచె చింపి, ఉడకబెట్టి, ఆరబెట్టి అందుకోసమే విడిగా పెట్టుకునేవాళ్ళం. అదే చేతితో మేము చేసిన చెడ్డపని కూడా చెబుతాను: ఏడవగానే తేనె నాకించేవాళ్ళం, పాలపీకను పంచదారలో అద్ది నోట్లో పెట్టేవాళ్ళం. మా రెండోవాడికి మూడేళ్ళు నిండకుండానే ముందరి పళ్ళు నల్లటి మొద్దులై మిగిలాయి. అప్పుడు పురుగు తిన్నదనుకున్నాము. కొరకలేక వాడు జామకాయ పక్కన పెట్టి ఏడ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

చిన్నపళ్ళ వైద్యుడు (మంగళవారం రాత్రి)

అమ్మమ్మ గారికి నమస్కారాలు. మీరు చెప్పిన నూలుగుడ్డ పద్ధతినే మేము ఇప్పటికీ పళ్ళు రాని పిల్లల తల్లులకు నేర్పుతున్నాము. పన్ను పూర్తిగా బయటపడ్డాక గుడ్డ చాలదు, బ్రష్ మొదలుపెట్టాలి. తేనె విషయంలో మరొక జాగ్రత్త కూడా ఉంది: ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు. అరుదుగానైనా బోట్యులిజం అనే ప్రమాదకరమైన విషప్రభావం కలిగే అవకాశం ఉంది.

ఖమ్మం అమ్మ గారూ, ఇప్పుడు మీ పాలసీసా సంగతి. చక్కెర తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే సంఖ్య, ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగువకు పడితే పంటి పింగాణీ పొర కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, సరిచేసి, కరిగిన కాల్షియాన్ని తిరిగి పంటికి చేర్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పగలు ఈ మరమ్మతు జరుగుతుంది. నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది గనుక, పంచదార పాలు నోటిలో నిలిచి ఉంటే మరమ్మతుకు ఆస్కారమే ఉండదు. కింది ముందరి పళ్ళు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి, ఎందుకంటే చప్పరించేటప్పుడు నాలుక వాటిని కప్పుతుంది, లాలాజల గ్రంథుల ద్వారాలు కూడా అక్కడే ఉంటాయి. మీ బాబు పై పళ్ళ మీదే గీత ఉండి కింది పళ్ళు శుభ్రంగా ఉంటే, కారణం పాలసీసాయేనని దాదాపుగా చెప్పవచ్చు.

ఒక్కసారిగా సీసా లాక్కుంటే మీరూ నిద్రపోరు, బాబూ నిద్రపోడు. మొదట పంచదార మానండి. తర్వాత వారం పది రోజుల పాటు రాత్రి సీసాలో పాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ నీళ్ళు పెంచుతూ, చివరికి నీళ్ళే మిగిలేటట్లు చేయండి. పడుకునే ముందు పాలు గ్లాసుతో తాగించి, పళ్ళు తోమి, ఆ తర్వాత నీళ్ళు తప్ప మరేమీ ఇవ్వకండి.

చనుబాలు ఇస్తున్న తల్లులు ఇది చదివి బెంగపడకూడదని ఒక మాట కలుపుతున్నాను. ఏడాది వరకు చనుబాలు తాగిన పిల్లల్లో పుచ్చు తక్కువగానే కనిపిస్తుంది. రెండేళ్ళు, ఆపైన కూడా చనుబాలు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏడాది దాటిన తర్వాత రాత్రంతా పదే పదే తాగే పిల్లల్లో మాత్రం పుచ్చు ముప్పు పెరుగుతుంది. వారి విషయంలో చనుబాలు మానిపించనక్కరలేదు, తోమడంలో శ్రద్ధ పెంచాలి, ఇతర తీపి తగ్గించాలి.

కనిగిరి నాన్న (బుధవారం ఉదయం)

నాకు వేరే భయం ఉంది. మాది కనిగిరి ప్రాంతం. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మా నాన్నగారి పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, వంగని మోకాళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. పాపకు రెండేళ్ళు. ఫ్లోరైడ్ పేస్ట్ వాడమని దంతవైద్యులు చెప్పినప్పుడల్లా నా చేయి వెనక్కి పోతుంది. మా ఊరి పిల్లలకు కూడా అదే సలహానా? ఖమ్మం అమ్మ గారు చూసిన తెల్లని గీత కూడా ఫ్లోరైడ్ వల్ల వచ్చినది కాదని ఎలా తెలుస్తుంది?

డల్లాస్ నుంచి ఒక అమ్మ (బుధవారం ఉదయం)

ఇక్కడ మా పిల్లల దంతవైద్యురాలు మొదటి పన్ను నుంచే ఫ్లోరైడ్ పేస్ట్ వాడమన్నారు, కానీ బియ్యపు గింజంత మాత్రమే. మూడేళ్ళు నిండాక బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపినట్లు బ్రష్ పొడవునా పేస్ట్ వేయడం పిల్లల విషయంలో తప్పని ఆమె బ్రష్ మీద వేసి మరీ చూపించారు.

చిన్నపళ్ళ వైద్యుడు (బుధవారం రాత్రి)

కనిగిరి నాన్న గారి భయం అనుభవం నుంచి వచ్చినది, దాన్ని తీసిపారేయకూడదు. కాబట్టి లెక్క వేసి చూద్దాము.

మన దేశంలో టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకు మించకూడదన్నది నిబంధన. అంటే ఒక గ్రాము పేస్ట్‌లో ఒక మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్ట్ బరువు సుమారు గ్రాములో పదో వంతు. రోజుకు రెండుసార్లు తోమి, పాప ఆ పేస్ట్ మొత్తం మింగినా లోపలికి పోయేది సుమారు 0.2 మిల్లీగ్రాములు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉంటే, పాప అర లీటరు తాగినా 1.5 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. మీ ప్రాంతంలో అసలు ముప్పు నీటిది, పేస్ట్‌ది కాదు. ముందు నీటిని పరీక్ష చేయించండి. పాపకు తాగడానికీ, వండడానికీ, పాలపొడి కలపడానికీ ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న నీరే వాడండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ సాంద్రత పెరుగుతుంది. నీటిలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువని తేలితే, పేస్ట్ విషయం మీ దంతవైద్యునితో విడిగా మాట్లాడి నిర్ణయించుకోండి. ఫ్లోరోసిస్ ఏర్పడేది ప్రధానంగా ఇప్పుడు నోటిలో కనిపిస్తున్న పాలపళ్ళ మీద కాదు, చిగురు లోపల ఇప్పుడు తయారవుతున్న శాశ్వత దంతాల మీద. అందుకే మొదటి కొన్నేళ్ళ జాగ్రత్త ముఖ్యం.

మచ్చల తేడా కంటికే తెలుస్తుంది. పుచ్చు గీత చిగురు అంచు వంపును అంటిపెట్టుకొని, పాచి నిలిచే చోటే ఉంటుంది. ఫ్లోరోసిస్ మచ్చలు రెండు వైపులా ఒకే పన్ను జతల మీద సమానంగా, పంటికి అడ్డంగా సన్నని తెల్లని చారలుగా లేదా మబ్బులుగా పరచుకుంటాయి.

అంగన్‌వాడీ టీచర్ (గురువారం మధ్యాహ్నం)

నేను పాలమూరు వైపు ఒక తండాలో పనిచేస్తున్నాను. ఇక్కడ రాసినవన్నీ చదివాను. నా కేంద్రంలోని తల్లులకు సీసా పాలు కొనే స్తోమత ఎక్కువమందికి లేదు, అయినా పిల్లల పళ్ళు పుచ్చుతున్నాయి. పొద్దున్నే పనికి పోయే తల్లి బిడ్డ చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్, తాగడానికి తీపి చాయ్ ఇచ్చి అవ్వ దగ్గర వదిలిపోతుంది. ఆ ప్యాకెట్ మధ్యాహ్నం దాకా నడుస్తుంది. వైద్యుడు గారు చెప్పిన లెక్క ప్రకారం ఆ బిడ్డ నోరు పొద్దంతా ఆమ్లంలోనే ఉంటుందని ఇప్పుడు అర్థమైంది. ఒక్కసారి కూర్చోబెట్టి నాలుగు బిస్కెట్లు తినిపించడం, అవే నాలుగింటిని నాలుగు గంటలపాటు చప్పరించనివ్వడం పంటికి ఒకటి కాదన్న విషయాన్ని నేను వచ్చే తల్లుల సమావేశంలో చెబుతాను.

ఇక్కడి తల్లులకు తెలియని మరో విషయం ఏమిటంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి, చూడవలసిన సమస్యల జాబితాలో పళ్ళు కూడా ఉన్నాయి. బృందం వచ్చిన రోజు బరువు, ఎత్తు చూశాక పిల్లల పై పెదవి ఎత్తి చూపించమని నేనే అడుగుతాను. మీరూ మీ కేంద్రంలో అడగండి.

విశాఖ తల్లి (గురువారం రాత్రి)

దయచేసి తొందరగా ఎవరైనా చెప్పండి. మా పాపకు ఏడాదిన్నర. మూడు రోజులుగా జ్వరం. నిన్నటి నుంచి చిగుళ్ళన్నీ ఎర్రగా ఉబ్బి, తాకితే రక్తం వస్తోంది. నాలుక మీద, పెదవుల లోపల చిన్న చిన్న పుండ్లు. చొంగ కారుతోంది, నీళ్ళు కూడా మింగడం లేదు. పళ్ళు వచ్చేటప్పుడు ఇలాగే ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. తోమమన్నారు కదా అని తోమబోతే పాప భరించలేకపోయింది.

చిన్నపళ్ళ వైద్యుడు (గురువారం రాత్రి)

అమ్మా, ఇది పైన మాట్లాడుకుంటున్న చిగుళ్ళ వాపు కాదు. తోమవద్దు. జ్వరం, చిగుళ్ళన్నీ ఒకేసారి ఎర్రబడి ఉబ్బడం, చిన్న పుండ్లు, చొంగ, ఇవన్నీ కలిసి కనిపించినప్పుడు మేము ముందుగా అనుమానించేది హెర్పిస్ వైరస్ తొలిసారి సోకడాన్ని. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో ఇది మామూలే. వైరస్ కనుక యాంటీబయాటిక్‌తో తగ్గదు. సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తొలి మూడు రోజుల్లో అయితే వైరస్‌కు మందు వాడే అవకాశం ఉంటుంది. పళ్ళు రావడం వల్ల ఇంత జ్వరం, ఇన్ని పుండ్లు రావు.

అసలు ప్రమాదం నీరు తగ్గిపోవడం. మూత్రం తగ్గినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, పాప మగతగా ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా పిల్లల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఈ లక్షణాలు లేకపోయినా రేపు ఉదయం చూపించండి. ఈలోగా చల్లని నీళ్ళు, చల్లని మజ్జిగ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. చిగుళ్ళకు రాసే మత్తు జెల్లులు సొంతంగా కొని రాయకండి. బెంజోకైన్ అనే మత్తుమందు ఉన్న జెల్లులు రెండేళ్ళ లోపు పిల్లల రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని దెబ్బతీసే ప్రమాదం ఉంది.

ఇదే సందర్భంలో మరో మాట రాయకుండా ఉండలేను. పాలపళ్ళు నాలుగేళ్ళ లోపే దెబ్బ తగలకుండా కదిలి, వేరుతో సహా ఊడిపోతే, అది మామూలు విషయం కాదు. ఎముకలు, పళ్ళు సరిగా గట్టిపడని హైపోఫాస్ఫటేసియా, తెల్ల రక్తకణాల లోపాలు, అరచేతులు, అరికాళ్ళ చర్మం మందమయ్యే పాపియాన్ లఫేవ్ సిండ్రోమ్ వంటి అరుదైన వ్యాధులు ఇలా మొదట నోటిలోనే బయటపడతాయి. వీటిలో కొన్ని, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తే కలుగుతాయి గనుక మేనరికం చేసుకున్న కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఊడిన పన్నును పారేయకుండా వైద్యునికి చూపించండి.

విశాఖ తల్లి (శనివారం)

నిన్న ఉదయం పిల్లల వైద్యురాలికి చూపించాను. మీరు అనుమానించినదేనని చెప్పారు. మందు మొదలుపెట్టారు. ఈ రోజు మజ్జిగ రెండు గ్లాసులు తాగింది. చాలా కృతజ్ఞతలు.

ఖమ్మం అమ్మ (ఏడు వారాల తర్వాత)

ఇక్కడ సలహాలు ఇచ్చిన అందరికీ జరిగినది చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పంచదార ఆ రాత్రే మానేశాను. సీసాలో నీళ్ళు పెంచుతూ పోవడానికి పది రోజులు అనుకున్నాను గానీ పదహారు రోజులు పట్టింది. మధ్యలో మూడు రాత్రులు బాబు గుక్కపట్టి ఏడ్చాడు. ఇప్పుడు ఒకసారి లేచి నీళ్ళు తాగి పడుకుంటున్నాడు. రక్తం అయిదో రోజుకే ఆగిపోయింది. బాబును ఒళ్ళో పడుకోబెట్టుకొని, తల నా వైపు ఉంచి, పెదవి వేలితో ఎత్తి పట్టుకొని తోముతున్నాను. అలా చేస్తే తప్ప ఆ అంచు కనిపించదని మొదటి వారంలోనే అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను పళ్ళ కొసలనే తోమానన్నమాట.

వరంగల్‌లో ఒక పిల్లల దంతవైద్యురాలికి చూపించాము. మూడు పళ్ళ మీద గీత గట్టిపడి మెరుపు వస్తున్నదని, నాలుగో దాని పక్కన చిన్న గుంట పడిందని చెప్పి, ఫ్లోరైడ్ పూత వేశారు. ఆ గుంటకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ రాస్తే నల్లబడుతుంది గానీ పుచ్చు ఆగుతుందని అన్నారు. ఆలోచించి చెబుతామన్నాము. అదే రోజు అత్తయ్య గారికి, నాకు కూడా చూపించుకున్నాము. ఆవిడకు మూడు పిప్పిపళ్ళు, నాకు రెండు ఉన్నాయి. ఒక్కొక్కటిగా వైద్యం చేయించుకుంటున్నాము. అత్తయ్య గారు ఇప్పుడు బాబుకు అన్నం చేత్తో మెదిపి పెడుతున్నారు.

ఆ నల్లబడే మందు గురించి వైద్యుడు గారు ఒక మాట చెప్పగలరా? ముందరి పన్ను కనుక ఇంట్లో వెనకాడుతున్నారు.

చిన్నపళ్ళ వైద్యుడు (అదే రాత్రి)

మీరు తోమే భంగిమ గురించి రాసిన వాక్యాలను నా దగ్గరకు వచ్చే తల్లులకు చూపించాలనుకుంటున్నాను.

సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ కొత్త ప్రయోగమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, రాయడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. రెండేళ్ళ బిడ్డకు మత్తు ఇచ్చి పన్ను నింపవలసిన అవసరాన్ని అది చాలాసార్లు తప్పిస్తుంది. పుచ్చిన భాగం మాత్రమే నల్లబడుతుంది, ఆరోగ్యంగా ఉన్న పన్ను తన రంగులోనే ఉంటుంది. బాబు మూడు నాలుగేళ్ళవాడై కుదురుగా కూర్చోగలిగినప్పుడు ఆ నలుపు మీద పంటి రంగు పదార్థంతో నింపవచ్చు. ఆ పన్ను ఊడే వయసు ఏడేళ్ళ దగ్గర ఉంటుంది. అంతవరకు అది చీము పట్టకుండా నిలవాలి, ఎందుకంటే పాలపంటి వేరు దగ్గర చీము చేరితే దాని వెనుక తయారవుతున్న శాశ్వత దంతం మీద మచ్చ పడే ప్రమాదం ఉంది. నా బిడ్డకైతే రాయిస్తాను. అత్తయ్య గారికి ఆ నల్లని చుక్క ఎందుకో ముందే చెప్పండి, చూసి బెంగపెట్టుకోకుండా ఉంటారు.

ఖమ్మం అమ్మ (మరుసటి ఉదయం)

మీ సమాధానం అత్తయ్య గారికి చదివి వినిపించాను. బుధవారానికి సమయం తీసుకున్నాము. బాబును ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి తానే వస్తానన్నారు.